గమ్మునుండు

మొన్న శనివారం రాత్రి ఒంటిగంటన్నర అప్పుడు ఇంట్లో అందరూ పండుకోని ఉంటే నేనొక్కణ్ణే చీకట్లో కంప్యూటర్ ముందర ఊపిరి బిగబట్టుకోని కూర్చోనుండా. నిజంగానే బిగబట్టినా. నేను ఆడే గేమ్‌లో అమాండా అనే ఆమె ఒక ఇనుప లాకర్లో దూరి దాక్కోనుంది, బయట ఆమెని వేటాడే గ్రహాంతర జంతువు తలుపుకి మొహం ఆనిచ్చి వాసన చూస్తా ఉంది. అట్లాంటప్పుడు బటన్ పట్టుకుంటే ఆమె వెనక్కి జరిగి ఊపిరి ఆపుతుంది, ఆమెతో పాటు నేనూ ఆపేసినా, ఎప్పుడు ఆపినానో కూడా తెలీదు. ఎక్కువసేపు ఆపితే ఆమె ప్రాణం తగ్గిపోతా వస్తుంది, తొందరపడి వదిలేస్తే అది వింటుంది. మధ్యలో ఎక్కడో వదలాల. అది తల తిప్పుకోని పోయినాక హెడ్‌సెట్ తీసి పక్కన పెడితే ఫ్యాన్ సద్దు, వీధిలో కుక్క, దూరంగా రైలు, అన్నీ ఒక్కసారిగా వినబడినాయి. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికి రైలు కూత రోజూ వినిపిస్తుంది, దాన్ని అంత శ్రద్ధగా విన్నది మాత్రం ఆ రోజే.

గేమ్ పేరు ఏలియన్: ఐసోలేషన్. కొత్తదేం కాదు, 2014 అక్టోబర్ 7న వచ్చింది. చేసింది క్రియేటివ్ అసెంబ్లీ అని ఇంగ్లాండ్ కంపెనీ, సెగా అనే పెద్ద గేమ్ కంపెనీ వాళ్లది. వీళ్లు అంతకుముందు టోటల్ వార్ అని వేలమంది సైనికుల్ని పైనుంచి చూస్తా నడిపే యుద్ధం గేమ్‌లకి పేరు. అట్లాంటోళ్లు ఒక్క మనిషినీ, ఆమెని వేటాడే ఒక్క జంతువునీ పెట్టి ఇంత గేమ్ చేసినారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మా చిన్నాయన కొడుకు బెంగళూరుకి ఉద్యోగానికి పోతా వాని పాత కంప్యూటర్ నాకిచ్చిపోయినాడు, సేల్‌లో తక్కువకి వస్తే కొనుక్కున్నా, 35 జీబీ జాగా కావాల, దానికోసం పాత పెళ్లి వీడియోలు రెండు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినా. పాత గేమే కాబట్టి పాత మిషన్లో బాగానే నడుస్తుంది.

కథ చెప్పాలంటే, 1979లో వచ్చిన ఏలియన్ సినిమా చాలామందికి తెలుసు కదా, అందులో రిప్లీ అనే ఆమె పనిచేసే నోస్ట్రోమో అనే అంతరిక్ష ఓడ అయిపు లేకుండా పోతుంది. ఆ రిప్లీ కూతురే ఈ అమాండా. అమ్మ కనబడకుండా పోయి 15 ఏళ్లు, కథ జరిగేది 2137లో. ఆ ఓడలో జరిగిందంతా రికార్డు చేసిన పెట్టె దొరికింది, సెవస్తపోల్ అనే అంతరిక్ష స్టేషన్లో ఉంది, వస్తావా అని అడిగితే అమ్మకి ఏమైందో తెలుసుకోవాలని బయల్దేరుతుంది. ఆమె ఇంజినీరు, సిపాయి కాదు. చేతిలో రెంచీ, ఇనుము కోసే టార్చి. అంతే. పోయి చూస్తే స్టేషన్ సగం చచ్చిపోయి ఉంది, మనుషులు ఒకరినొకరు చూస్తేనే కాలుస్తా ఉండారు, ఇంకా ఏందో ఒకటి తిరగతా ఉంది.

ఆ స్టేషన్ని చూడంగానే నాకు గుర్తొచ్చింది 2020లో మా లాడ్జి. నేను అప్పుడు ఒక లాడ్జిలో రిసెప్షన్లో పనిచేసేవాణ్ణి, పేరు ఎందుకులే. మార్చిలో కొండ మీద దర్శనాలు ఆపేసినారు, జూన్ దాకా తెరవలేదు. తిరుపతిలో పుట్టి పెరిగినోళ్లకి ఆ రెండున్నర నెలలు ఎట్లుండిందో చెప్పడానికి మాటలు రావు. ఎప్పుడూ గుండ్లు కొట్టించుకున్నోళ్లు, బ్యాగులు మోసుకోని పిల్లల్ని లాక్కుంటా పోయేటోళ్లు, అర్ధరాత్రి రెండింటికి కూడా టీకొట్టు కాడ జనం ఉండే ఊరు, ఉన్నట్టుండి గమ్మున అయిపోయింది. లాడ్జి చూసుకోడానికి నేనూ ఇంకో పెద్దాయనా ఇద్దరమే ఉన్నాం. మూడు అంతస్తులు, అన్ని రూములూ ఖాళీ, పొద్దన ఒకసారి రాత్రి ఒకసారి నేను పైదాకా పోయి కొళాయిలు, లైట్లు చూసుకోని రావాల. జనం కోసమని కట్టిన చోట జనం లేకపోతే అది మామూలు ఖాళీ కాదు. కారిడార్లో నా చెప్పుల సద్దు నాకే ముందు నుంచి వస్తున్నట్టు ఉండేది. సెవస్తపోల్ కూడా అట్నే, అంగళ్లు, కుర్చీలు, ఎవరో సగం తాగి పెట్టిపోయిన కప్పులు, సామాన్లు కట్టుకోని పెట్టుకున్న పెట్టెలు. అది మూసేయబోతున్న స్టేషన్ అని గేమ్‌లోనే చెప్తారు, చాలామంది అప్పటికే వెళ్లిపోయినారు, మిగిలినోళ్లు పోలేక ఉండారు. భయపెట్టే చోటు కట్టాలంటే పుర్రెలూ రక్తమూ అక్కర్లేదు, మనుషులు లేచిపోయిన కుర్చీ చాలు.

ఇంకోటి, ఆ స్టేషన్లో ఉండే వస్తువులన్నీ 1979లో జనం ఊహించుకున్న భవిష్యత్తు లాగానే ఉంటాయి. టచ్ స్క్రీన్లు లేవు. లావు టీవీల్లాంటి కంప్యూటర్లు, పచ్చ అక్షరాలు, టకటకమనే బటన్లు. సినిమా తీసినప్పటి ఫోటోలూ డ్రాయింగులూ మూడు టెరాబైట్లు ఆ సినిమా కంపెనీ వీళ్లకి ఇచ్చిందంట, అవి చూసి చేసినారు. స్క్రీన్ల మీద వచ్చే బొమ్మలు పాతగా కనపడాలని నిజంగానే వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లోకి ఎక్కించి, టేపు పాడుచేసి, మళ్లీ దాంట్లోంచి తీసుకున్నారు. మా ఇంట్లో వీసీఆర్ ఉన్న రోజులు నాకు బాగా తెలుసు, ఆ గీతలు, ఆ వణుకు చూస్తే ఇది కంప్యూటర్లో గీసింది కాదని కన్నుకి తెలిసిపోతుంది.

సరే, అసలు సంగతికొస్తా. ఈ గేమ్‌లో ఆడేది కళ్లతో కాదబ్బా, చెవులతో.

అమాండా చేతిలో మోషన్ ట్రాకర్ అని ఒకటి ఉంటుంది, పాత రేడియో అంత ఉంటుంది. పైకెత్తితే ముందర ఏదైనా కదులుతుంటే చుక్క చూపిస్తుంది, బీప్ బీప్ అంటుంది. దాన్నెత్తి చూస్తున్నప్పుడు ఎదురుగా ఉన్న కారిడార్ మసకబారిపోతుంది, మన కన్ను దగ్గర వస్తువు చూస్తే దూరం మసకైనట్టు. కారిడార్ చూడాలంటే ట్రాకర్ మసక. రెండూ ఒకేసారి కుదరవు. పైగా అది దగ్గర్లో ఉంటే ఆ బీప్ దానికీ వినిపిస్తుంది. అంటే దాన్ని కనుక్కునే వస్తువే మనల్ని పట్టిస్తుంది. నేను మొదట్లో ట్రాకర్ దించకుండా నడిచినా, అందుకే చచ్చినా చాలాసార్లు. తర్వాత నేర్చుకున్నదేందంటే ట్రాకర్ కంటే ముందు చెవి. పైన సీలింగులో గొట్టాల్లో అది పాకేటప్పుడు ధడధడ ఒక రకం సద్దు, కిందికి దిగినప్పుడు దాని అడుగుల బరువు ఇంకో రకం. సీలింగులో వెంట్, అంటే గాలి గొట్టం నోటి నుంచి జొల్లు కారతా ఉంటే దాని కింద పోకూడదు, పోతే పైకి లాక్కుంటుంది. నేను ఒక రోజు ఆ కారడం చూడకుండా, ఏదో మ్యాప్ చూసుకుంటా, నేరుగా దాని కిందికే పోయినా.

అది మొదటిసారి నిండుగా కనబడేటప్పుడు అమాండా ఒక టేబుల్ కింద ఉంటుంది. పైన వెంట్లోంచి ముందు తోక దిగుతుంది, చానాసేపు దిగతానే ఉంటుంది, తర్వాత ఒళ్లు. మనకి ఏమీ చేసే పని లేదు, చూస్తా ఉండాల్సిందే. అది లేచి నిలబడి మన పక్కనుంచి నడిచిపోతుంది. నేను ఆడిన మిగతా హారర్ గేముల్లో ఏదైనా ఎదురొస్తే కాల్చేస్తాం, తూటాలు అయిపోతే భయం. ఈడ దాన్ని చంపడమనేదే లేదు. మొదటి నుంచి చివరి దాకా, ఏ ఆయుధంతోనూ చావదు. అది తెలిసినాక భయం మారిపోతుంది, గెలవాలనే ఆశ పోయి, తప్పించుకోవాలనే తెలివి మొదలవుతుంది.

మెడికల్ సెక్షన్లో జరిగే మిషన్ ఒకటుంది, అమాండాతో పాటు వచ్చి గాయపడిన టేలర్ కోసం మందుల కిట్ తేవాల. డాక్టర్ కూల్‌మన్ అని ఒకాయన రేడియోలో దారి చెప్తా ఉంటాడు. నాకు అది నాలుగు రాత్రులు పట్టింది. నాలుగు రాత్రులూ అదే వార్డు, అవే మంచాలు, అవే తెరలు. ప్రతిసారీ అది వేరే దారిలో వస్తుంది, అందుకే బట్టీ పట్టడానికి వీల్లేదు. మూడో రాత్రి నాకు కోపమొచ్చేసింది, దీనికి నేను యాడుండేది ముందే తెలుసు, ఇది మోసం అనుకున్నా. తర్వాత చదివి తెలుసుకున్నా, దాని వెనక ఉన్న ఏర్పాటు నిజంగా అద్భుతం.

దానికి రెండు బుర్రలున్నాయి. ఒకటి తెర వెనక, కనబడదు, దానికి మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. కానీ అది ఆ జంతువుకి ఫలానా టేబుల్ కింద ఉన్నాడు అని చెప్పదు, ఆ పక్కకి పోయి చూడు అని అప్పుడప్పుడు ఒక దిక్కు చూపిస్తుంది, అంతే. రెండో బుర్ర ఆ జంతువుది, దానికి దాని కళ్లూ చెవులే ఆధారం, ఆ దిక్కుకి వచ్చినాక వెతుక్కోవడం దాని పని. అందుకే అది వాసన చూస్తా, ఆగుతా, వెనక్కి తిరుగుతా నిజంగా వెతుకుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే నిజంగానే వెతుకుతుంది. మనం ఎంత ఒత్తిడిలో ఉన్నామో కూడా తెర వెనకది లెక్కపెడతా ఉంటుంది, మన చుట్టూ ఎక్కువసేపు తిరిగితే ఆ లెక్క నిండిపోతుంది, అప్పుడు దాన్ని పైకి గొట్టాల్లోకి పంపించేస్తుంది, మనకి కాస్త ఊపిరాడుతుంది. మళ్లీ మొదలు. ఇంకా, ఆ జంతువు తెలివిలో కొన్ని భాగాలు మొదట్లో తాళం వేసి ఉంటాయి, మనం ఆడేదాన్ని బట్టి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. సద్దు చేసే డబ్బా ఒకటి తయారుచేసుకోని విసరచ్చు, అది ఆ సద్దు వైపు పోతుంది, అదే పని పదేపదే చేస్తే ఇంగ దానికి మోసపోదు. మంటలు కక్కే ఆయుధం ఒకటి దొరుకుతుంది, మంట చూపిస్తే వెనక్కి పారిపోతుంది, కానీ పోనుపోను మంటంటే దానికి బెరుకు తగ్గతా వస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఇదంతా నేను ముందే విన్నా. గేమ్‌లో కాదు, మా అవ్వోళ్ల ఊర్లో.

మా అవ్వోళ్లది పలమనేరు దగ్గర, కౌండిన్య అడవి అంచున. ఆ అడవిలోకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులొచ్చినాయి, అంతకుముందు తరాలవాళ్లు ఆడ ఏనుగుని చూసిందే లేదు, తర్వాత 1990లో దాన్ని అభయారణ్యం చేసినారు. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో పోయినా. చెరుకు తోట పక్కన కొట్టంలో రాత్రి చిన్నాయనా, అవ్వా, నేనూ ఉన్నాం. నిద్రలో ఉన్న నన్ను అవ్వ లేపి నోటి మీద చెయ్యి పెట్టింది. “గమ్మునుండు నాయినా, గమ్మునుండు” అనింది, అది కూడా గాలిలాగా, నోరు కదిలించినట్టు. ఏంది అని అడగబోతే చెయ్యి ఇంకా గట్టిగా అదిమింది. బయట చెరుకు విరగతా ఉంది. పటుక్, కొంచేపు ఏమీ లేదు, మళ్లీ పటుక్. ఏనుగు అంత పెద్దదైనా అడుగు సద్దు రాదు, పాదం మెత్తగా ఉంటుంది, వినబడేదంతా అది విరిచేది, నమిలేది. దాని పొట్టలో గుర్‌మనే సద్దు కూడా వచ్చింది, అంత దగ్గర. కొట్టానికి తలుపు అంటే తడికె. చిన్నాయన అగ్గిపెట్టె చేతిలో పట్టుకోని ఉన్నాడు, గీయలేదు. ఎంతసేపో నాకు తెలీదు. అవ్వ చెయ్యి నా నోటి మీద అట్నే ఉంది, ఆ చేతికి రాగిపిండి వాసన.

పొద్దన చిన్నాయన చెప్పినాడు. మొదట్లో ఒక్క టపాకాయ పేలిస్తే అడవిలో పడేవంట, డబ్బా కొట్టినా చాలంట. రెండేళ్లు పోయేసరికి టపాకాయ పేలితే ఆగి చూసి, మళ్లీ మేసేవి. కాగడాలు చూపిస్తే పోయేవి, తర్వాత కాగడా పట్టుకున్నోడి మీదికే వచ్చేవి. కరెంటు కంచె వేస్తే దాని మీదికి చెట్టు తోసి దాటినాయి. “వాటికి మనం నేర్పిస్తా ఉండాం రా, మనం చేసేదంతా చూసి నేర్చుకుంటా ఉండాయి” అన్నాడు. ఆ గేమ్ చేసినోళ్లు ఇంగ్లాండ్‌లో కూర్చోని కంప్యూటర్‌కి ఏం నేర్పినారో, మా చిన్నాయన చెరుకు తోటలో దాన్నే కళ్లారా చూసినాడు. అది రాక్షసి అనో దుర్మార్గమనో ఆయన ఎప్పుడూ అనలేదు. దాని ఆకలి దానిది అనేవాడు, చెరుకు పోయినందుకు ఏడ్చి కూడా. ఈ గేమ్‌లో జంతువుని కూడా నాకు దుర్మార్గంగా చూడబుద్ధి కాలేదు. దాన్ని ఆడికి తీసుకొచ్చింది మనుషులే.

సేవ్ చేసుకోవడం గురించి చెప్పకపోతే ఈ గేమ్ గురించి చెప్పినట్టే కాదు. ఎక్కడపడితే అక్కడ సేవ్ కాదు. గోడకి టెలిఫోన్ పెట్టె లాంటిది అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది, దాంట్లో కార్డు పెట్టి మూడు లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేదాకా నిలబడాల. ఆ కొన్ని సెకన్లు కాలం ఆగదు. అది వెనకనుంచి వచ్చి చంపేయచ్చు, నన్ను రెండుసార్లు చంపింది, మూడో లైటు వెలగబోయే ముందర. ఆ పెట్టె దూరంగా ఉన్నప్పుడు చేసే సద్దు ఒకటుంటుంది, సన్నగా, ఆ సద్దు వింటే నాకు ఎంత ధైర్యమొస్తుందంటే, కొండ నడిచి ఎక్కేటప్పుడు గాలిగోపురం కనపడినట్టు. చానామంది ఈ సేవ్ పద్ధతిని తిట్టుకుంటారు, నలభై నిమిషాల ఆట ఒక్క క్షణంలో పోతుందని. నాకూ పోయింది. కానీ ఎక్కడైనా సేవ్ చేసుకోగలిగితే ఆ భయం ఉండదు, పోగొట్టుకునేది ఉంటేనే జాగ్రత్త వస్తుంది, నేనైతే దాన్ని మార్చమని అడగను.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. వర్కింగ్ జోలు అని రబ్బరు మొహాల మరమనుషులుంటారు, మెల్లగా నడిచొచ్చి, శాంతంగా ఉండండి అన్నట్టు మర్యాదగా మాట్లాడతా గొంతు పట్టుకుంటారు. వాళ్లు బాగా భయపెడతారు, కానీ మధ్యలో కొన్ని గంటలు ఆ జంతువు లేకుండా వీళ్లే ఉంటారు, అప్పుడు గేమ్ సాగదీసినట్టయింది. తుపాకులున్న మనుషులతో వచ్చే గొడవలు అంత బాగాలేవు. అన్నీ కలిపి నాకు ఇరవై గంటలు దాటింది, చివర్లో ఇంగ అయిపోయిందిలే అనుకున్న ప్రతిసారీ ఇంకో పని, ఇంకో లిఫ్టు, ఇంకో జనరేటరు. నాలుగు గంటలు తీసేసుంటే ఇంకా గట్టిగా ఉండేది.

కథ చివర తెలుసుకోకూడదనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి. అమ్మ కోసం వచ్చిన అమాండాకి ఆ పెట్టెలో సమాచారం చెడిపోయి ఉంటుంది, ఏమీ దొరకదు. ఇన్ని చావులు చూసి, ఇంత దూరం పాకి, ఆఖరికి వేరే ఓడలో అమ్మ కూతురికోసం రికార్డు చేసి పెట్టిన మాటలు దొరుకుతాయి. గొంతు మాత్రమే. నేను హెడ్‌సెట్లో ఇరవై గంటలుగా భయంతో చెవులు రిక్కిచ్చుకోని ఉండా, ప్రతి చిన్న సద్దుకీ ఉలిక్కిపడతా ఉండా, అదే చెవుల్లోకి అమ్మ గొంతు వచ్చింది. కంట్రోలర్ కింద పెట్టేసినా. కొంచేపు ఏమీ నొక్కలేదు.

గేమ్ అయిపోయిన వారానికి ఊరికి పోయినా. అవ్వ పోయి ఆరేళ్లయింది. చెరుకు మానేసి చిన్నాయన ఇప్పుడు టమేటా వేస్తా ఉండాడు, కొంచెం రాగి. మాపటికి సంగటి తిని ఇద్దరమూ మంచె ఎక్కినాం. గేమ్ సంగతి చెప్పినా, ఫోన్లో ఒక వీడియో చూపించినా, లాకర్ సీను. ఆయన కళ్లద్దాలు సర్దుకోని మొత్తం చూసినాడు, ఇది కంప్యూటరే ఆడిస్తుందా అన్నాడు, అవును అన్నా. “మంటకి అలవాటు పడేది కూడా పెట్టినారా” అన్నాడు, పెట్టినారు అన్నా. తల ఊపినాడు, ఇంకేం అనలేదు, ఫోన్ తిరిగిచ్చినాడు.

పన్నెండు దాటినాక కప్పల అరుపు ఆగింది. ముందు వంక కాడ ఆగింది, తర్వాత ఈ పక్క. నేను గమనించినా, ఈ గేమ్ ఆడకముందైతే గమనించేవాణ్ణి కాదనుకుంటా. చిన్నాయన వైపు చూస్తే ఆయన అప్పటికే అటే చెవి పెట్టి ఉన్నాడు. టార్చి వెయ్యలేదు. దూరంగా ఒక కొమ్మ విరిగింది. ఇంకోటి, కొంచెం పక్కకి. నేను మళ్లీ ఊపిరి ఆపినా, ఈసారి తెలిసే ఆపినా. చానాసేపటికి వంక కాడ ఒక్క కప్ప మొదలుపెట్టింది, దాని వెనక ఇంకోటి.

“పోయింది రా, ఇంగ మాట్లాడచ్చు” అన్నాడు చిన్నాయన, బీడీ ముట్టించుకుంటా.